పదహారో బుధవారం

"ఉత్తరం సిద్ధంగా ఉంది. సాయంత్రంలోగా ఆ పిల్ల ఒక్క మాటైనా మాట్లాడకపోతే మీరే సంతకం పెట్టి పంపించేయండి," అని చెప్పి పెద్ద డాక్టరు వెళ్ళిపోయాడు.

ఆటల టీచరు కాలుగాలిన పిల్లిలా గదంతా తిరిగింది. యుద్ధంలో దెబ్బతిన్న పిల్లల మనసులు కుదుటపరచడం ఆమె ఉద్యోగం. కౌన్సెలర్ అనడానికి నోరు తిరగక పిల్లలే ఆమెకా పేరు పెట్టుకున్నారు. ఆ ఉత్తరం వెళ్తే, తొమ్మిదేళ్ళ పిల్లను తల్లి నుంచి విడదీసి ఎక్కడో దూరాన మాటలు రాని పిల్లల హాస్టల్లో చేరుస్తారు. అక్కడికి వెళ్తే పిల్ల మరింత ముడుచుకుపోతుందని టీచరు భయం. ఆ మాటే చెప్తే, పదిహేను వారాల్లో మీరు చేసిందేమిటని పెద్ద డాక్టరు అడిగాడు.

ఆయన అడిగిందీ నిజమే మరి. బాంబులకు ఇల్లు కూలి, తండ్రి పోయి, తల్లీ కూతుళ్ళు ఈ ఊరు చేరిన కొన్నాళ్ళకు పిల్ల మూగనోము పట్టింది. అన్నం తింటుంది, లెక్కలు చేస్తుంది, అడిగిన బొమ్మ వేస్తుంది. నోరు మాత్రం విప్పదు. గొంతులో లోపమేమీ లేదని పరీక్షల్లో తేలింది. టీచరు కథలు చెప్పింది, కోతి చేష్టలు చేసింది, చివరికి బతిమాలింది. అంతా గోడకు చెప్పుకున్నట్టే అయింది.

తల్లితో వేగడం ఇంకో ఎత్తు. మొదటి బుధవారమే ఆవిడ కుండబద్దలు కొట్టేసింది.

"నాకే రోగమూ లేదు, గుండ్రాయిలా ఉన్నాను. నన్ను చూడ్డానికి ఇంటికొచ్చిన నర్సమ్మకీ అదే చెప్పి పంపించేశా. మీరు పిల్ల సంగతి చూడండి చాలు."

కానీ ఇక్కడ పద్ధతి వేరు. పిల్లలు ఏం చేస్తే తోడొచ్చిన పెద్దవాళ్ళూ అదే చేయాలి. గుండ్రాయిలాంటి ఆ మనిషి కుర్చీని గుమ్మం పక్కకు లాక్కుని, బట్టల సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. వీధిలో ఏదైనా దడేల్మంటే బల్ల కిందికి దూరేది. రాత్రుళ్ళు కంటి మీద కునుకు ఉండదనీ, పిల్లకు కాపలా కాస్తాననీ చెప్పేది. ఊపిరి లెక్కపెట్టమన్నా, బంకమన్నుతో ఇల్లు చేయమన్నా, పిల్ల కోసం కాబట్టి తప్పదని సణుగుతూనే చేసేది. ఆరో వారం మన్ను పిసుకుతూ పిసుకుతూ భర్త మాట ఎత్తి భోరుమంది. టీచరు ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చుందే గానీ, చూపంతా పిల్ల మీదే. ఆ రోజైనా ఒక్క మాట రాలుతుందేమోనని ఆశ.

ఇవాళ పదహారో బుధవారం. తల్లి లోపలికి రాలేదు. మొన్ననే కుట్టుపనిలో చేరానని, ఒళ్ళు పులిసిపోయిందని, వరండాలో కాసేపు నడుం వాలుస్తానని చెప్పి పిల్లను పంపించింది. ఉత్తరం సంగతి ఆవిడతో చెప్పడానికి టీచరుకు నోరు రాలేదు. పిల్లకు మాత్రం చెప్పింది. పిల్లల దగ్గర ఏదీ దాచకూడదన్నది ఆమె నియమం.

"నిన్ను వేరే ఊరు పంపిస్తారటమ్మా. తప్పు నీది కాదు, నాదే. ఇన్నాళ్ళూ నీకు ఏ సాయమూ చేయలేకపోయాను."

చెప్తూ చెప్తూ ఆమే కళ్ళు తుడుచుకుంది. పిల్ల గీస్తున్న పెన్సిలు పక్కన పెట్టి ఆమె వంక చూసింది. తర్వాత లేచి వెళ్ళి, తలుపు ఓరగా తీసి వరండాలోకి తొంగిచూసింది. పట్టపగలు, అంతమంది తిరుగుతున్న చోట, తల్లి బల్ల మీద వెల్లకిలా పడుకుని గురక పెడుతోంది.

పిల్ల చప్పుడు కాకుండా తలుపు మూసి, టీచరు దగ్గరికొచ్చి చెవిలో చెప్పింది.

"నేను మాట్లాడితే అమ్మ ఇక్కడికి రావడం మానేసేది, టీచర్."