ఆ అప్ప ఎవరు?

“నోరు తెరువప్పా. చేదైనా మింగాల. రాత్రంతా నీ కోసరం మేలుకోనే ఉన్నా గదా.”

గడప తొక్కబోయిన మారెప్ప అడుగు వెనక్కి తీసుకున్నాడు. ఆ గొంతు తన కూతురు అంజలిదే. భుజం మీది శెనక్కాయల సంచి మెట్టు మీద దించి, దగ్గరగా వేసివున్న తలుపుకు చెవి ఆనించాడు.

“మా అప్ప గదా. నువ్వు బాగుంటేనే నేను బాగుండేది.”

మారెప్పకు ఒళ్ళు మండిపోయింది. వియ్యంకుడు మల్లికార్జున ఇంట్లో మాట్లాడేది కన్నడం. కన్నడంలో అప్ప అంటే నాన్న. ఆ మాత్రం తమ నల్లమాడ పల్లెల్లో గొర్రెలు కాసేవాడికి కూడా తెలుసు. కన్నతండ్రి గుండ్రాయిలా బతికుండగానే ఆ మర్యాదంతా మామకు కట్టబెట్టేసిందన్నమాట. దీనికోసమేనా తెల్లారకముందే లేచి, రెండు బస్సులు మారి హిందూపురం వచ్చింది?

పై వాటాలో వారం కిందటే అద్దెకు దిగిన కృపాకుమారి బట్టల బకెట్‌తో మెట్లు దిగుతూ ఆగింది.

“ఎవరు కావాలండీ?”

“ఎవురూ వద్దు. నేను అంజలి నాయనను. వింటివా లోపల? మామను అప్పా అంటాండాది.”

“పెద్దాయనకి ఒంట్లో బాగోలేదేమోనండీ. నిన్న అందరూ ఆసుపత్రికి వెళ్ళొచ్చారు. బాబు పడుకున్నట్టున్నాడు, చప్పుడు లేదు. లోపలికి వెళ్ళండి.”

“పోను. నాయన ఈడ ఉండగా ఇంకొకన్ని అప్పా అనే ఇంట్లో నాకేం పని?”

కృపాకుమారికి నవ్వొచ్చింది గానీ, పెద్దవాడని ఆపుకుంది. “ఆ ఒక్క మాటకేనాండీ? మా శ్రీకాకుళం వైపు అప్పంటే అక్క. పక్కింటి సాయిబుల పిల్ల నన్ను ఆపా అంటుంది, వాళ్ళకీ అక్కేనట. మావారు చేసే కార్ల కంపెనీలో కొరియా ఆయన ఉన్నాడు, ఆయన పిల్లలు తండ్రిని అప్పా అంటారట. మీరేమో ఇక్కడ బస్సు కండక్టర్ని కూడా ఏమప్పా అంటారు. మాటదేముందండీ, నోటికి అలవాటైపోతుంది.”

“కండక్టర్ని నేనూ అంటా. టీ అంగడోన్నీ అంటా. వాళ్ళకోసరం రాత్రంతా మేలుకుంటానా?”

కృపాకుమారి బకెట్ కింద పెట్టింది.

“తల్లి పోయేనాటికి దానికి మూడేండ్లు,” అన్నాడు మారెప్ప. గొంతు తగ్గించి చెప్పాలనుకున్నాడు గానీ తగ్గలేదు. “జడేసింది నేను, నీళ్ళు పోసింది నేను. పెద్దోళ్ళ పేరు నోట పలకగూడదని నేర్పినా. బళ్ళో అయ్యవారు మీ నాయన పేరేందని అడిగితే బెత్తం దెబ్బ తినింది గానీ నా పేరు చెప్పలా. పెండ్లి పత్రికకు గూడా పక్కింటోళ్ళతో చెప్పించింది. అంత మర్యాదున్న పిల్లమ్మా. ఇప్పుడు చూడు, ఏం నేర్పినారో.”

అసలు కోపం వేరే ఉంది, అదీ బయటపడింది. తల్లి లేని ఇంటికి పురిటికెందుకని వియ్యంకులు అంజలిని ఇక్కడే ఉంచేశారు. సరేనన్నాడు. మనవడికి పేరు పెట్టే రోజునే తన పొలంలోకి బోరు బండి వచ్చింది. అది పోతే మళ్ళీ ఎప్పటికో. ఒక్క వారం ఆపండి అని ఫోన్‌లో బతిమాలాడు. పురోహితుడు పెట్టిన ముహూర్తం, ఆపలేం బావా అన్నాడు మల్లికార్జున.

“అయితే మీ పేరేదో మీరే పెట్టుకోండని ఫోన్ పెట్టేసినా. మూడు నెల్లాయ. అంజలి చేస్తే ఎత్తలా. ఎత్తితే ఏడుపొస్తాదని ఎత్తలా.”

“బోరు పడిందాండీ?”

“దుమ్ము పడింది.”

ఆయన జేబులోంచి చిన్న పొట్లం తీసి ఆమె చేతిలో పెట్టాడు. మనవడికి చేయించిన వెండి మొలతాడు. “ఇది లోపల ఇచ్చెయ్. నేను వచ్చినానని చెప్పొద్దు. ఈ గడప నేనింక తొక్కను.”

“మీరే ఇవ్వండి, నేనివ్వను,” అంది కృపాకుమారి. అప్పటికే ఆయన గేటు వైపు నడుస్తున్నాడు.

గేటు తీసుకుని మల్లికార్జున ఎదురొచ్చాడు. చేతిలో మందుల షాపు కవరు. మనిషి నిక్షేపంగా ఉన్నాడు.

“ఏం బావా, ఇంటికి వచ్చి లోపలికి రాకుండానే పోతాండావు?”

మారెప్ప తలుపు వంక చూశాడు, వియ్యంకుడి వంక చూశాడు. “నువ్వు ఈడుంటే, లోపల అప్ప ఎవురు?”

“ఇంకెవురు బావా, నీ మనవడు. నిన్న టీకా సూది వేయించినాం, రాత్రంతా జరం. మందు తాగమంటే మూతి బిగించుకుంటాడు.”

“చంటిబిడ్డను అప్పా అనేదేంది? పేరు పెట్టుకున్నారు గదా, ఆ పేరుతో పిలవరాదా?” మారెప్ప కోపం ఇంకా దిగలేదు.

“మేమందరం పేరుతోనే పిలుస్తాం. నీ బిడ్డ మాత్రం ఆ పేరు నోట పలకదు. ఎంత చెప్పినా వినదు. మొదట నా పేరు పెడదామని మావాడంటే ఒప్పుకోలేదు. పట్టుబట్టి ఆ పేరు తనే పెట్టించింది.”

“ఏం పేరు?”

మల్లికార్జున ఆయన రెక్క పట్టుకుని గడప దాకా నడిపించి, తలుపు తోసి, ఊయల వైపు కేకేశాడు.

“ఒరే మారెప్పా, మీ తాత వచ్చినాడు.”