గాలి పెట్టె కాపలా

"మన వీధి గాలి కడిగిన ముత్యంలా ఉందట!"

టీచరమ్మ కాలుష్యం ఆఫీసు మెట్లు దిగుతూ ఆ మాట చెప్పేసరికి, కింద ఎండలో పడిగాపులు పడుతున్న వీధి జనం నోరెళ్ళబెట్టారు. ఇస్త్రీ పెద్దమ్మ మాత్రం నోరు చేసుకుంది.

"ఎవడమ్మా ఆ కూత కూసింది? వాడికి ముక్కుందా, ఊడిపోయిందా?"

"మనిషి కాదు పెద్దమ్మా, యంత్రమే చెప్పింది. నెల్రోజులు మీ డాబా మీద పెట్టామే, ఆ పెట్టె. బూడిద ఊసే లేదట. ఇక మూడో గొట్టానికి సరే అనేస్తామంటున్నారు."

మూడో గొట్టమంటే కరెంటు కంపెనీ వాళ్ళ బొగ్గు పొగగొట్టం. ఉన్న రెండూ చాలవని, వీధికి ఇంకాస్త దగ్గరగా మరొకటి లేపుతామని కూర్చున్నారు. ఆ రెండింటి ప్రతాపానికే వీధిలో వాలిన కొంగ, లేచేటప్పుడు కాకిలా ఎగిరేది. పెద్దమ్మ తెల్లచొక్కా ఇస్త్రీ చేసి మడతపెట్టేలోపు అది బూడిదరంగు చొక్కా అయి కూర్చునేది. "ఇది నాది కాదు" అని చొక్కా యజమాని తగువు పెట్టుకునేవాడు.

చొక్కాల సంగతి పోనీ. పెద్దమ్మ మనవరాలికి నాలుగేళ్ళు. పడుకుంటే చాలు, రొమ్ములో పిల్లికూతలు. "ఆ మూడోది లేచిన రోజే పిల్లను తీసుకుని వేరే ఊరు పోతానమ్మా. నువ్వు ఏడ్చినా ఆగను" అని కూతురు ఖరాఖండీగా చెప్పేసింది. ఆ పిల్ల మొహం చూడందే పెద్దమ్మకు తెల్లారదు.

ఇంతలో ఆఫీసరు బయటికొచ్చాడు. ముక్కుకు చేతిరుమాలు అడ్డం. వెనకాలే కంపెనీ మనిషి, నీడలా.

"ఏం బాబూ, గాలి అంత కమ్మగా ఉంటే ఆ ముక్కు మీద గుడ్డెందుకూ? కొత్త పెళ్ళికూతురివా?" అంది పెద్దమ్మ.

జనం గొల్లుమన్నారు. ఆఫీసరు రుమాలు జేబులో పెట్టుకోబోయి, దగ్గొచ్చి, మళ్ళీ తీశాడు.

"మాకు కొలతలు ముఖ్యమమ్మా. కబుర్లు కాదు."

"అయినా మేం చెయ్యాల్సింది చేశాం కదమ్మా" అని కంపెనీ మనిషి పళ్ళికిలించాడు. "ఇంటింటికీ కొత్త చీపురు పంచలేదూ?"

"పంచావు నాయనా. బూడిద మీది, ఊడ్పు మాది. నీ దయాగుణానికి దిష్టి తగలకుండా ఆ చీపురుతోనే దిష్టి తీస్తా, ఇలా రా!"

వాడు రెండడుగులు వెనక్కి వేశాడు.

టీచరమ్మ ఆఫీసరుకు అడ్డం నిలబడింది. "గోదాముల కప్పుల నిండా సోలార్ పలకలు పరిస్తే మూడో గొట్టం అక్కర్లేదని మేం రాసిచ్చాం. ఒక్కసారన్నా చదివారా సార్?"

"ఎండతో ఫ్యాక్టరీలు నడుస్తాయా టీచరుగారూ?" అన్నాడు కంపెనీ మనిషి వెనకనుంచి.

"మరి మా ఊపిరితో నడుస్తాయా?" అన్నాడు దర్జీ.

"గొట్టాలు మా నెత్తిన, కరెంటు ఇంకెవరి నట్టింటనో!" అంది పెద్దమ్మ. "మా వీధిలో లైటు వెలిగితే పిల్లలు చప్పట్లు కొడతారు, తెలుసా నీకు?"

ఆఫీసరుకు ఎండ మాడ్చేస్తోంది. "సరే, సరే. ఇంకో పదిహేను రోజులు. అదే పెట్టె, అదే డాబా. మళ్ళీ ఇదే జవాబొస్తే నా గుమ్మం తొక్కొద్దు" అని కారెక్కాడు.

పెట్టెను మోసుకుంటూ తిరుగుముఖం పట్టారు. దారిలో టీచరమ్మ మెల్లగా అడిగింది.

"నిజం చెప్పు పెద్దమ్మా. డాబా మీదికి ఎవరన్నా ఎక్కారా?"

"నా కంఠంలో ప్రాణముండగానా!"

ఆ మాట అబద్ధం కాదు. పెట్టె పెట్టిన రోజు పెద్దమ్మ కింద నిచ్చెన పట్టుకుని నిలబడింది. పైన టీచరమ్మ దర్జీకీ, మిగతావాళ్ళకూ అదేమిటో, లోపలి గాజుపలక మీద పడ్డదాన్ని ఎలా లెక్కకడుతుందో అరగంటసేపు వివరించింది. కిందికి దిగాక పెద్దమ్మతో ఒక్కటే చెప్పింది: "మన వీధిలో బూడిద ఎంతుందో ఇదే చెప్తుంది పెద్దమ్మా. కంపెనీ వాళ్ళ చెయ్యి పడనివ్వకు." అంతే. ఆ రోజునుంచి నిచ్చెన పెద్దమ్మ మంచం కిందికి చేరింది. మీటరు చూడ్డానికొచ్చినవాణ్ణి కాలే ఇస్త్రీపెట్టెతో వీధి చివరిదాకా తరిమింది. సొంత అల్లుణ్ణి కూడా నమ్మలేదు. పెట్టె మీద పావురాన్ని సైతం వాలనివ్వలేదు.

"అయితే అక్కా, కంపెనీ వాళ్ళకు ఈ పెట్టే అమ్ముడుపోయుంటుంది" అన్నాడు దర్జీ.

"సన్నాసి పెట్టె!" పెద్దమ్మ దానివైపు చీదరగా చూసింది. "ఎదురుగా రెండు గొట్టాలు తాటిచెట్లలా నిలబడి పొగ కక్కుతుంటే కనపడలేదట. ఆ ఆఫీసరు ఒక గుడ్డివాడు, వాడికి తోడు ఇదొకటి!"

టీచరమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఇదే ఆఖరి అవకాశం పెద్దమ్మా."

"ఊరుకో టీచరమ్మా. నా మనవరాలు నా దగ్గరే ఉంటుంది. ఈ పదిహేను రోజులూ దీని సంగతి నేను చూసుకుంటాగా!"

మర్నాడు పొద్దున్నే పెద్దమ్మ, పిల్లికూతల మధ్య నిద్రపోతున్న మనవరాలి దుప్పటి సర్ది, నిచ్చెన వేసుకుని డాబా ఎక్కింది.

పెట్టెలోని గాజుపలక మీద ఒక్క రాత్రిలో దట్టంగా పేరుకున్న బూడిదను చూసి, "కంటినిండా ఇంత మసి పెట్టుకుంటే నీకేం కనపడుతుందే మొద్దుమొహమా" అని తిట్టి, ఆ నెలంతా రోజుకొక్కసారే తుడవడం తన తప్పేననుకుని, ఈసారి తడిగుడ్డతో రెండుసార్లు తళతళలాడేలా తుడిచింది.