పచ్చలైటు వెలిగితే పాస్

“మళ్ళీ పాసే!” అంటూ టెస్టరమ్మ నెత్తి పట్టుకుంది. పాసయిందని ఏడ్చే మనిషిని ఆ ఆఫీసు అంతవరకూ చూసి ఉండదు.

పక్క సీటు బట్టతలాయన తొంగి చూశాడు. “ఎన్నోసారమ్మా?”

“మూడు వందల పన్నెండు. ఒక్కసారి ఫెయిలై చావదే!”

ఊపిరాడనివాళ్ళు ఇంట్లో మంచం పక్కన పెట్టుకునే మిషన్లకి నిన్న సాయంత్రం కొత్త బూట్‌లోడర్ వెళ్ళింది. మిషన్ని నిద్రలేపే మొదటి ప్రోగ్రాం అది. పరీక్షించి సరేనన్నది ఈవిడే. తెల్లారేసరికి పదకొండు ఇళ్ళనుంచి ఒకటే ఫిర్యాదు: మిషను పనిచేయడం లేదు. ఇద్దరిని ఆసుపత్రిలో చేర్చారట. తప్పెక్కడుందో తేలితే తప్ప దిద్దలేరు. అసలు మిషన్లన్నీ అమ్ముడైపోయి, ఆఫీసులో మిగిలింది ఎమ్యులేటరే. అంటే కంప్యూటర్లో కట్టుకున్న ఉత్తుత్తి మిషను. అదేమో ఏమీ ఎరగనట్టు ప్రతిసారీ నిక్షేపంగా లేచి కూర్చుంటోంది.

“మీ నాన్నగారి దగ్గరున్నదీ మన మిషనేగా?”

“వచ్చీ రాగానే ఇంటికి ఫోన్ చేశానండీ. పచ్చలైటు వెలుగుతోందంది అమ్మ. ఆయన ఇంకా పడుకునే ఉన్నారట. లేపనా అంటే వద్దన్నాను. సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో పాపం.”

“అమ్మయ్య! అన్నట్టు, ఇవాళ ఆవిడ మాటలు నాకు వినపడలేదే? రోజూ ఫోన్లోంచి నా సీటు దాకా వస్తాయి.”

“నా తిప్పలు తెలిసి జాలిపడ్డట్టుంది. మెత్తగా మాట్లాడింది,” అని నవ్వింది. ఆ రోజుకి ఆమె నవ్విన నవ్వు అదొక్కటే.

ఇంతలో మేనేజరు వచ్చి నిలబడ్డాడు. “మన టెస్టులో లోపం లేదని రాసిచ్చెయ్. వాళ్ళ ఇళ్ళల్లో కరెంటు బాగోలేదందాం.”

“పదకొండు ఇళ్ళల్లోనాండీ?”

“పన్నెండు,” అన్నాడు బట్టతలాయన తెరమీంచి కళ్ళు తిప్పకుండా. “ఇప్పుడే వచ్చింది. ‘లైటు వెలుగుతూనే ఉంది, గాలి మాత్రం రావడం లేదు’ అని రాశారు.”

“లైటు వెలుగుతోందా?”

టెస్టరమ్మ గబుక్కున తాను రాసుకున్న టెస్టు తెరిచింది. అందులో మొదటి వరసే: పచ్చలైటు వెలిగితే పాస్, అక్కడితో ఆపు. ఉత్తుత్తి మిషన్‌కి మోటారెక్కడిది? అందుకే లైటు తర్వాత ఏమవుతుందో చూడాలన్న ఆలోచనే ఎన్నడూ రాలేదు. ఇంట్లో అమ్మకీ అదే పాఠం చెప్పింది, పచ్చలైటుంటే భయం లేదని.

ఆ వరస కొట్టేసి మళ్ళీ నడిపింది. పచ్చలైటు వెలిగింది. ఆ తర్వాత మోటారుకి వెళ్ళాల్సిన ఆజ్ఞ వెళ్ళనేలేదు. బూట్‌లోడర్ ఉన్నచోటే బిగుసుకుపోయింది.

“దొరికింది!” బట్టతలాయన చప్పట్లు కొట్టాడు. “గట్టెక్కించావమ్మా! ఇంక దిద్దడమెంతసేపు?”

 అసలు మిషన్లోనైతే లైటు వెలిగిన మరుక్షణం మోటారు అందుకుని, గదంతా పిండిమరలా రొద పెడుతుంది; దాన్ని మించి అరిస్తేగానీ ఫోన్లో మాట వినపడదు. ఆమె ఫోన్ తీసింది గానీ, ఇంటి నంబరు నొక్కడానికి వేలు రాలేదు.

పొద్దున అమ్మ అరవలేదు.