చెవిపూస తీసేసిన రోజు

పద్ధతులు నేర్పే చెవిపూస పెట్టించుకోని మగాడు కాకినాడలో ఇప్పుడు భూతద్దం పెట్టి వెతికినా దొరకడు. సూరిబాబుకి దాన్ని పెట్టించింది భార్య చక్రవేణి. పెళ్లయిన దగ్గర్నుంచీ తను తిన్నదో లేదో అతను ఒక్కసారీ అడిగిన పాపాన పోలేదని ఆమె బాధ.

మొదట్లో పూస చెవిలో మాట మొత్తం చెప్పేది, అతను బడిపిల్లాడిలా అప్పజెప్పేవాడు: "నువ్వు తిన్నావా?" కొన్నాళ్లకు "నువ్వు" అని మాత్రం అందించేది. ఆ తర్వాత ఒట్టి చక్కిలిగింత. అతని చెవి అదరగానే చక్రవేణికి నవ్వొచ్చేది. అయినా ఆ మాట కోసం ఎదురుచూసేది.

ఈరోజు పూస తీసేశారు. "ఇక ఇంట్లోవాళ్లు కూడా అందించకూడదండీ. అందిస్తే నేర్పిందంతా బూడిదలో పోసినట్టే," అని తీసినతను మరీ మరీ చెప్పాడు.

అందుకే చక్రవేణి తన ఖాళీ కంచాన్ని చప్పుడు కాకుండా పెట్టుకుంది. సూరిబాబు చేపల పులుసుతో కడుపునిండా తిన్నాడు. మధ్యలో ఒకసారి చెవి తడుముకున్నాడు. ఆ మాట అడక్కుండానే లేచి చెయ్యి కడుక్కున్నాడు.

గరిటెతో గిన్నె మీద కొట్టబోయి ఆమె ఆగిపోయింది. అన్నం పెట్టుకుంది.

సూరిబాబు తువ్వాలుతో చెయ్యి తుడుచుకుంటూ వెనక్కొచ్చి, పులుసు గిన్నెలోకి తొంగిచూశాడు.

"ముక్కలన్నీ నేనే తినేసినట్టున్నానే. ఉండు, గుడ్డట్టు వేస్తాను."

పూస నేర్పిన మాట కాదది. పెనం ఎక్కడుంటుందో కూడా అతనికి తెలీదు. చెప్పబోయి, చక్రవేణి నోరు మూసుకుంది.