ఛేంజోవర్

"తారులాంటి నూనెండి అది," అన్నాడు చలపతిరావు. "నూటముప్పై డిగ్రీలు కాగితే గాని పంపులో కదలదు. అంత వేడి మీదున్న పంపులోకి చల్లటి డీజిల్ ఒక్కసారిగా వదిలితే లోపలి కడ్డీ బిగుసుకుపోతుంది. ఇంజిన్ ఆగిపోతుంది. నిన్న జరిగింది అదే."

ఆయన ముప్పై ఏళ్లు ఓడల్లో ఇంజనీరుగా చేసి, ఇప్పుడు ప్రమాదాల విచారణకు వస్తున్న మనిషి. ఎదురుగా కూర్చున్న శిరీష ఈ హైటెక్ సిటీ ఆఫీసులోనే పనిచేస్తుంది. సముద్రం మీదున్న ఓడల ఇంజిన్లను ఇక్కడి స్క్రీన్ల మీద కనిపెట్టి చూడటం వాళ్ల ఉద్యోగం. ఆమె, ప్రవళిక, మరో నలుగురు వంతులవారీగా చూసే ఓడలోనే ఆమె భర్త రవికిరణ్ ఇంజనీరు. నిన్న ఆ ఓడ పరాయి రేవులోకి వెళ్తూ ఇంజిన్ ఆగి, రాతిగోడకు గుద్దుకుంది. ఇద్దరు పోయారు. రవికిరణ్‌ని అక్కడి పోలీసులు పట్టుకెళ్లారు.

"రేవు దగ్గర డీజిల్‌కి మారాలని రూలు. గంటసేపు వేడి తగ్గించుకుంటూ మార్చాలి. ఛేంజోవర్ అంటాం. మీ ఆయన పావుగంటలో వాల్వు మొత్తం తెరిచేశాడు."

"ఛేంజోవర్ కంప్లీటెడ్ అని ఆఫీసు నుంచి మెసేజ్ వచ్చిందంటున్నారండి. వేడి ఎంత తగ్గిందో ఇక్కడా కనబడుతుంది కదా, అందుకే నమ్మానంటున్నారు."

"ఎవరు పంపారట?"

"పేరు పడదండి. ఆఫీసు అనే పడుతుంది."

"ఆ మెసేజ్ చూపిస్తే బయటపడతాడు."

"ఓడలో కాపీ ఏమైనా మిగిలుంటుందా అండి?"

"లోపలంతా నీళ్లు. ఏమీ మిగల్లేదమ్మా."

శిరీష రెండు చేతుల్లో మొహం దాచుకుంది. అంత దిక్కులేనితనం ఆమె ఎన్నడూ ఎరగదు.

ప్రవళిక ల్యాప్‌టాప్‌తో లోపలికొచ్చింది. "అక్కా, నాకొకటి అనిపిస్తుంది. ఛేంజోవర్ అంటే మనకు షిఫ్ట్ మారుడే కదా. డ్యూటీ దిగేటప్పుడు మన గ్రూప్‌ల పెట్టేది ఎవరన్నా పొరపాటున ఓడ గ్రూప్‌ల పెట్టిన్రేమో."

చలపతిరావు ముందుకు జరిగాడు. "వెతుకమ్మా."

నిన్నటి మెసేజ్‌లన్నీ ఒక్కొక్కటే చదివింది ప్రవళిక. రెండోసారీ చదివింది.

"లేదు సార్. అసొంటిదేం లేదు."

"అయితే అతని తప్పే. పదేళ్లకు తక్కువ పడదు," ఆయన ఫైలు మూసి లేచాడు.

ఆయన వెళ్లిన కాసేపటికి ఫోన్ మోగింది. పోలీసులు రవికిరణ్‌కి ఐదు నిమిషాలు ఇచ్చారు.

"దొరికిందా?"

"లేదండి."

"నా కళ్లతో చూశాను శిరీషా. ఎవరూ నమ్మట్లేదు. ఊహించుకున్నానా అని నాకే అనుమానం వస్తోంది. నువ్వైనా నమ్ముతావా?"

"నమ్ముతున్నానండి."

"అది చాలు. పాప జాగ్రత్త. రసజ్ఞకి ఇక నువ్వొక్కదానివే."

"నేనున్నాగా," అంది శిరీష.

లైను తెగిపోయింది. ప్రవళిక ఆమెను దగ్గరకు తీసుకుంది. "ఏడ్వకక్కా. నువ్వు మాత్రం ఏం చేస్తవ్?"

నిన్న డ్యూటీ దిగుతూ ఆ మెసేజ్ పెట్టిందీ, ఇవాళ పొద్దున్నే వచ్చి చెరిపేసిందీ శిరీషే.