ముప్పై ఒక్కరు చదివిన వార్త

"నీ వార్తను ముప్పై ఒక్కరే చదివినారు ఫెబా. దాన్ని తీసేయ్. రేపట్నుంచి నువ్వు గూడా రావొద్దు," అన్నాడు ఓబులేసు, ఫోన్లో అంకెలు చూపిస్తూ.

నంద్యాలలో బట్టల అంగడి నడిపిన ఓబులేసుకు అంకెలంటే గురి. తన చదువుల వారపత్రిక అచ్చు ఆపి, దాన్ని వెబ్‌సైటుగా మార్చింది అందుకే.

"ఆళ్లగడ్డ కాలేజీలో రెండేండ్లుగా కెమిస్ట్రీ సారే లేడని రాసినా. అబద్ధమా అన్నా?"

"నిజమే. ఎవురిక్కావాల? 'ఈ డిగ్రీ చదివితే ఏమైతాదో తెలిస్తే నోరెళ్లబెడతారు' అని నీ పక్కసీటు సందీప్ పెడితే నలభై వేల మంది వచ్చినారు."

"అది ఏ డిగ్రీనో యాడా రాయలేదు గదన్నా."

"రాసుంటే వస్తారా?"

ఫెబా వార్త తీసేసి, సంచి సర్దుకుంది. అంతలో ఆ కాలేజీ ప్రిన్సిపాల్ ఫోన్ చేశాడు.

"ఓబులేసన్నా, ఆ వార్త తీసేయప్పా. నీకు పుణ్యముంటాది."

"చదివిందే ముప్పై ఒక్కరు. దానికింత భయమేందీ?"

"మా కెమిస్ట్రీ పిల్లోళ్లు గూడా సరిగ్గా ముప్పై ఒక్కరేనన్నా. అందరూ అది చదివి టీసీలియ్యమని నా గది ముందర కూచోనుండారు."

ఓబులేసు ఫోన్ పెట్టేశాడు. ఆ నలభై వేల మందిలో ఒక్కడూ ఇంతవరకు ఎవరి గది ముందరా కూర్చోలేదు. అంగడి బయట నిలబడి, బొమ్మకు కట్టిన చీర చూసి పోయేవాళ్లందరినీ ఇన్నాళ్లూ గిరాకీ కింద జమకట్టానని అతనికి అర్థమైంది.

"వస్తానన్నా," అంది ఫెబా.

"యాడికి పోతాండావ్, కూచో. వార్త మల్లా పెట్టు. ప్రిన్సిపాల్ తీసేయమన్నాడని గూడా కింద రాయి."