మధ్యలో అడిగే ఆవిడ

"అమ్మాయీ, ఆ గడి ఎక్కడుందన్నావు? మళ్ళీ చెప్పు."

తెర ముందు పాఠం చెబుతున్న మేనకోడలు మళ్ళీ చెప్పింది. పక్కనే కూర్చున్న ఆమె మేనమామ, బట్టల వ్యాపారి, పళ్ళు నూరాడు.

బట్టల కొట్టు మూసేసి, అదే గదిలో పెడుతున్న ఆన్‌లైన్ కోర్సు అది. ఫోన్లో బిల్లు కట్టడం, డాక్టరు దగ్గర టైము తీసుకోవడం పెద్దవయసువాళ్ళకు నేర్పుతారు. సోమవారం ప్రారంభం. ఈరోజు నమూనా క్లాసు. ఇందులో కూర్చున్నవాళ్ళు చేరితే సరి, లేకపోతే ఈ కొట్టు కూడా మూతే.

తెర మీద అందరూ బుద్ధిగా ఉన్నారు. ఆ పెద్దావిడ నోరే ఆగడం లేదు.

"నొక్కి వదిలేయాలా, పట్టుకునే ఉండాలా?"

"వదిలేయండమ్మా."

"వదిలేస్తే పోదు కదా?"

కొనేవాళ్ళు, కొననివాళ్ళు. వ్యాపారి లెక్కలో మనుషులు రెండే రకాలు. మైకు ఆపి అన్నాడు.

"అరలన్నీ దింపించి, చీర కొనకుండా లేచిపోయే బేరం ఈవిడది. తీసెయ్."

"మనమే తీసేశామని ఆవిడ ఫోన్లో పెద్దక్షరాలతో పడుతుంది మామయ్యా."

"చదవడం వస్తే కదా."

మేనకోడలు కదల్లేదు. తనే చెయ్యి చాచి, ఆవిడను తీసేసే బటన్ నొక్కాడు.

ఆ తర్వాత క్లాసు నూనె వేసిన తలుపులా సాగింది. ఎవరూ ఏమీ అడగలేదు. అందరూ తలలూపారు.

"చూశావా," అన్నాడు వ్యాపారి.

"చేరాలనుకునేవాళ్ళు పచ్చ బటన్ నొక్కండి," అంది మేనకోడలు చివర్లో.

ఎవరూ నొక్కలేదు. ఒక్కో ముఖమే మాయమై తెర ఖాళీ అయింది.

ఫోన్ మోగింది. ఆ పెద్దావిడే.

"బాబూ, మధ్యలో ఏదో తప్పు నొక్కినట్టున్నాను, బయటికి వచ్చేశాను. మీకేం ఇబ్బంది కాలేదు కదా?"

వ్యాపారికి గండం గడిచినట్టనిపించింది.

"కొత్తల్లో అంతేనమ్మా. ఈసారి చూసి నొక్కండి."

"అలాగే బాబూ."

మేనకోడలు అతని వంక చూడకుండా తీగలు చుట్టసాగింది.

క్లాసులో అందరికంటే ఎక్కువ తలూపింది ఒక ముసలి వడ్రంగి. వ్యాపారి అతనికి ఫోన్ చేశాడు.

"ఏం పెద్దాయనా, సరుకు నచ్చలేదా?"

"నచ్చింది. ఆ బటనే కనబడలేదు."

"అడగొచ్చు కదా?"

"ఇంత వయసొచ్చి నలుగురిలో అడగాలంటే తల కొట్టేసినట్టుంటుంది. ఆ అమ్మ ఉంటే అడిగేది."

"ఆవిడకే ఏమీ రాదు కదా?"

వడ్రంగి నవ్వాడు.

"రాకపోవడమేంటి బాబూ? మా ఫోన్లన్నీ చేత పట్టి, మీ క్లాసులోకి మమ్మల్ని ఎక్కించిందే ఆవిడ. మాకు సిగ్గని, మాకు తెలియనివన్నీ తనకు తెలియనట్టు అడుగుతుంది."

వ్యాపారి మేనకోడలి వైపు తలెత్తలేకపోయాడు. ఈసారి చూసి నొక్కండి అన్న తన మాటే చెవిలో మోగుతోంది.

అడగలేనివాళ్ళ బదులు అడిగినట్టే, తనను తీసేశారన్న ఆ పెద్దక్షరాలు చదువుకుని కూడా, ఒప్పుకోలేని అతని బదులు తప్పు తానే ఒప్పుకుంది ఆవిడ.